206 నుంచి 190కి

సెప్టెంబర్ 6, శుక్రవారం

మళ్ళీ 206. హైవే మీద 206వ మైలురాయి, పెట్రోల్ బంకు వెనక. అమ్మ ఉండే ఊరు సలైనా 252 దగ్గర, నాన్న ఉండే హేస్ 160 దగ్గర. పిల్లను సరిగ్గా మధ్యలో అప్పగించుకోండని జడ్జి విడాకుల కాగితంలో రాశాడు. ఇటు నలభై ఆరు, అటు నలభై ఆరు. ఒక్క మైలు ఎక్కువ వస్తే ఇద్దరికీ కొంప మునిగిపోతుంది. ఇంజన్లు కూడా ఆపరు. అమ్మ కార్లోంచి దిగి, బ్యాగు మోసుకుంటూ, నాన్న ట్రక్కు దాకా ఇరవై అడుగులు నేనే నడవాలి. రెండు వారాలకోసారి నేనో పార్సిల్‌ని. ఒళ్ళు మండిపోతుంది.

సెప్టెంబర్ 10

జామెట్రీ క్విజ్. AB మిడ్‌పాయింట్ M. AM = 3x + 10, MB = 5x − 14. రెండూ సమానం కాబట్టి x = 12. రాసేసి పెన్ను మూశాను. లెక్కల టీచర్ మిస్టర్ వాసింగర్ సగం మార్కులు కోసేశారు. x దొరకగానే పండగ చేసుకుంటావేం డిలేనీ, నేనడిగింది AM పొడవు, ఆ పన్నెండుని తీసుకెళ్ళి మళ్ళీ లోపల పెట్టు అన్నారు. పెట్టాను. నలభై ఆరు! పడీ పడీ నవ్వాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 13

నవంబర్‌లో నాకు పదిహేను. అప్పుడు నువ్వు నా దగ్గరే ఉండేలా జడ్జితో మాట్లాడదాం, హేస్‌లో మేడ మీద గది నీకే, మళ్ళీ పాత స్కూల్లోనే చేరుదువు అని నాన్న ఫోన్లో మాటిచ్చాడు. ఇక ఈ సగం దారి పీడ ఉండదు.

సెప్టెంబర్ 19, మధ్యాహ్నం

పొద్దున అమ్మ ఫోన్లోంచి తలెత్తకుండా, రేపట్నుంచి 206 కాదు, 190 దగ్గర అంది. ఎందుకని అడిగితే, మీ నాన్ననే అడుగు అంది.

అడగక్కర్లేదు. స్కూల్లో, స్టడీ హాల్లో కూర్చుని లెక్క వేశాను. నాన్న ఇల్లు x. మధ్యలో 190. అమ్మ 252.

190 − x = 252 − 190. x = 128.

160 కాదు. మూడుసార్లు చేశాను. మైనస్ వచ్చినా బావుండేది, మైలురాయికి మైనస్ ఉండదని కొట్టేసేదాన్ని. 128 క్రిస్టా వాళ్ళ ఊరు. నాన్నతో తిరిగే క్రిస్టా. ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు, ఇంట్లో రెండే గదులు.

ఈసారి x దగ్గర ఆగలేదు. తీసుకెళ్ళి లోపల పెట్టి చూశాను. హేస్ ఇల్లు లేదు. మేడ మీద గది లేదు. నవంబర్ లేదు. అందరి ముందూ ఏడ్చేశాను.

సెప్టెంబర్ 20

190. నాన్న కిటికీ దించి, కాగితంలో చుట్టిన వేడి బీరాక్, మాంసం కూరిన బన్ను, నా చేతిలో పెట్టాడు. క్రిస్టా చేసిందట. ఇల్లు మారావు కదా అన్నాను. అమ్మ చెప్పలేదా అన్నాడు. నువ్వు చెప్తావనుకున్నాను అని అమ్మ తన కిటికీలోంచే అరిచింది. నువ్వే చెప్తావనుకున్నాను అని నాన్న అరిచాడు. ఇందులో కూడా సరిసమానమే.

నా గదో అని అడిగాను. హాల్లో సోఫా ఉందిరా బంగారం, మెత్తగా ఉంటుంది అన్నాడు. బన్ను తినలేదు.

సెప్టెంబర్ 24

క్విజ్‌లో ఫుల్ మార్కులు.

అక్టోబర్ 4, సాయంత్రం 5:40

190. దిగాను. పది అడుగులు నడిచి ఆగాను. బ్యాగు కింద పెట్టి దాని మీద కూర్చున్నాను. అటు హారన్, ఇటు హారన్. తలెత్తకుండా రాస్తున్నాను. నాన్న ఇంజన్ ఆగింది.

5:52

అమ్మది కూడా.