ఎర్రబస్సులో పచ్చ ఇటుకలు

బందరు,
6-8-2007.

ప్రియమైన బావకి,

ఇక్కడ అంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నువ్వు ఇల్లు వదిలి రెండు నెలలైంది. క్షేమం ఏపాటిదో నువ్వే ఊహించుకో.

మీ కృత్తివెన్ను చెరువుల దగ్గర సెల్లు పనిచెయ్యదని ఐసు బండి పోతురాజు చెప్పాడు. వారానికి రెండుసార్లు అటు వస్తాడట, ఉత్తరమిస్తే అందిస్తానన్నాడు. ఎదురుగా మాట్లాడుకుంటే పోట్లాటలోకే దిగుతున్నాం కాబట్టి ఇదీ ఒకందుకు మంచిదే.

నీకు తెలియని కబురొకటి. నేను కొట్టు పెట్టాను. షట్టరు లేదు, బోర్డు లేదు. కోనేరు సెంటర్లో నెట్ సెంటర్ ఉంది చూడు, రోజూ పదకొండింటికి వెళ్ళి అక్కడ ఒక గంట కూర్చుంటాను. అదే కొట్టు. పేరు ‘బందరు బ్రిక్స్’. పిల్లలు ఒకదానిమీద ఒకటి నొక్కి ఇళ్ళూ బళ్ళూ కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలు అమ్ముతాను. మన యశస్విని సెట్టులో ఒక్క చక్రం పోతే బండి మూలపడింది, గుర్తుందా? ఆ ఒక్క ముక్క ఏ షాపులోనూ అమ్మరు. నెట్‌లో చూద్దును కదా, దేశం నిండా అలా ఒక్క ముక్క కోసం వెతికేవాళ్ళే! చెన్నైలో పాత ఆటసామాన్ల వ్యాపారి దగ్గర బస్తాల లెక్కన తెప్పించి, కడిగి, ఏరి, ఎవరికి ఏ ముక్క కావాలో అది పోస్టులో పంపుతున్నాను. చిలకలపూడిలో ఎనిమిదేళ్ళు రోల్డుగోల్డు నగలకి రాళ్ళు అతికించిన చేతులివి. ఏరడం నాకొక పనా అనుకున్నాను. ఇప్పుడు బస్తాలు మంచం కిందా, మంచం మీదా, ఆఖరికి వంటింట్లో బియ్యం డబ్బా పక్కనా చేరాయి.

అందుకని ఒక బస్తా నీకు పంపుతున్నాను. పగలు నీకు ఖాళీ దొరుకుతుంది కదా. కడిగి, రంగుకో సంచి, సంచిలో సైజుకో పొట్లం. అంతే.

అన్నయ్య చెరువు సంగతి నేను ఎత్తను, నువ్వూ ఎత్తకు. రొయ్యకి జబ్బు తగిలింది, మూడు రోజుల్లో పంటంతా పోయింది. చెరువు చూసుకునే నువ్వు పొద్దున్నే మేత ట్రే ఎత్తి రొయ్యని చూడకుండా నిద్రపోయావని అన్నయ్య అన్నాడు. ‘నిద్రపోతే పోయావు, ఒప్పుకుంటే పోలా’ అని నేనన్నాను. నువ్వు బట్టలు సర్దుకున్నావు. పోలయ్య అన్నయ్యా, నువ్వూ, నేనూ, ముగ్గురం ముగ్గురమే.

యశస్విని రోజుకి రెండుసార్లు నిన్ను అడుగుతోంది.

కోపం ఇంకా సగం మిగిలే ఉన్న
నీ దుర్గ


కృత్తివెన్ను,
14-8-2007.

ప్రియమైన దుర్గకి,

నీ బస్తా విప్పగానే ఇక్కడివాళ్ళంతా చుట్టూ చేరారు. “ఏం నాగబాబూ, ఇల్లు కట్టి పెళ్ళాన్ని తెచ్చుకుందామనా?” అని ఒకటే నవ్వు. “సిమెంటు అక్కర్లేదు, వాన పడితే కారదు, మీ ఇళ్ళకంటే నయమే” అన్నాను. నేనూ నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

రొయ్యలు ఐసు పెట్టే ట్రేలు నాలుగు కడిగి, వాటిలో పోసుకుని ఏరాను. రొయ్య చేతిలో పడితే కేజీకి ఎన్ని తూగుతాయో చెప్పే వేళ్ళు కదా, ఇటుకల సైజు పట్టేశాయి. రెండు బుడిపెలది, నాలుగు బుడిపెలది, ఎనిమిది బుడిపెలది, కళ్ళు మూసుకుని కూడా చెబుతాను. పసుపూ, నీలం, తెలుపూ ఇట్టే తేలిపోయాయి. ముదురు రంగుల దగ్గర కాస్త తడబడ్డాను. ఇక్కడి ఎండకి కళ్ళు చెదిరిపోతాయి. అయినా ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ సంచిలో వేశాను.

బస్తా అడుగున గోరంత కుక్కపిల్ల దొరికింది. అది అమ్మకానికి కాదు, యశస్వినికి. వేరే కాగితంలో చుట్టాను.

నువ్వు కొట్టు పెట్టావంటే నాకు గర్వంగా ఉంది. ఇంకో బస్తా ఉంటే పంపు. దాంతోపాటు గోంగూర కూడా కాస్త పంపితే కూలి ముట్టినట్టే.

నాగబాబు


బందరు,
3-9-2007.

బావా,

‘ప్రియమైన’ అని ఇవాళ రాయను.

గుడివాడలో సౌభాగ్యమ్మ గారని రిటైరైన టీచరమ్మ ఉన్నారు. చేతివేళ్ళు కొంకర్లు పోకుండా ఉండాలని డాక్టరు చెబితే ఇటుకలతో బొమ్మలు కడుతుంటారు. నా మొదటి ఖాతాదారు ఆవిడే. చిన్నప్పుడు ఎక్కిన ఎర్రబస్సు కట్టుకుంటున్నానంటే నలభై ఎర్ర ఇటుకలు పంపాను. నీ సంచిలోంచి పొట్లం తీసి, నిన్ను నమ్మి, విప్పి చూడకుండా పంపాను. అందులో తొమ్మిది ఆకుపచ్చవి! “అమ్మాయ్, నా బస్సుకి తామర పట్టినట్టుంది” అని రాశారావిడ. పెద్దావిడ కాబట్టి నవ్వుతూ రాశారు. పూనాలో ఇంకో ఖాతాదారుకీ ఇలాగే వెళ్ళాయి, ఆయన నవ్వలేదు. నా కొట్టు పేజీలో అందరూ చదివేలా ‘రంగు కూడా తెలియనివాళ్ళు వ్యాపారం చెయ్యకూడదు’ అని రాసి ఐదు చుక్కలకి ఒక్క చుక్క ఇచ్చాడు. నెట్‌లో కొట్టుకి ఆ చుక్కలే పరువు, బావా. నా మొహం చూసి కొనేవాళ్ళెవరూ లేరు.

నెట్ సెంటర్ నుంచి తిరిగొచ్చి మిగతా సంచులు బోర్లించాను. ఎరుపులో పచ్చ, పచ్చలో ఎరుపు, రెంటిలోనూ గోధుమరంగు. సైజులు మాత్రం ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు. కళ్ళు మూసుకుని ఏరతానని గొప్పగా రాశావుగా, నిజంగానే మూసుకున్నావా? మళ్ళీ కునుకు తీశావా? అప్పుడు అన్నయ్య చెరువు, ఇప్పుడు నా కొట్టు.

ఎత్తనన్న మాట నేనే ఎత్తాను. ఎత్తక ఏం చెయ్యను?

దుర్గ


కృత్తివెన్ను,
11-9-2007.

దుర్గకి,

ఇంక బస్తాలు పంపకు.

నేను నిద్రపోలేదు. ఇటుకలు పట్టపగలు ఏరాను. ఆ మూడు రోజులూ కూడా నిద్రపోలేదు. తెల్లవారగానే రోజూ ట్రే ఎత్తాను, రొయ్యల్ని చేతిలోకి తీసుకుని చూశాను. ఎప్పటిలాగే ఉన్నాయి. నాలుగో రోజు పోలయ్య బావ గట్టెక్కి చూసి, ‘ఎర్రగా అయిపోయాయి కదరా, ఇవాళ కాదు, మూడు రోజుల కిందటే పట్టేయాల్సింది’ అని నెత్తి కొట్టుకున్నాడు. అందరికీ కనబడింది నాకెందుకు కనబడలేదో ఇవాళ్టికీ నాకు తెలియదు.

నీకొక సంగతి చెప్పలేదు. ఇక్కడ నేను చెరువు చూడటం లేదు. చూడమని ఇక్కడి చెరువుల యజమాని జీవానందం గారు అడిగారు, నేనే వద్దన్నాను. మేత బస్తాలు మోస్తున్నాను. మోయడానికైతే కళ్ళతో పనిలేదు.

నీ కొట్టుకి నావల్ల మచ్చ వచ్చింది. అది నాకు పంట పోయినదానికంటే కష్టంగా ఉంది.

నాగబాబు


బందరు,
20-9-2007.

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. కోపంలో రాసిన మాటని రబ్బరుతో చెరిపే వీలుంటే చెరిపేదాన్ని. బస్తాలు మోస్తున్నావని నాకు తెలియదు.

బస్తాలు పంపను. ఈ అట్టపెట్టె మాత్రం నీకే. యశస్విని నాలుగు రోజులు కూర్చుని తనే కట్టింది, నన్ను ఒక్క ఇటుక ముట్టుకోనివ్వలేదు. ఏముందో చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. చూసి ఏమంటావో దానికే రాయి. జవాబు వచ్చేదాకా ఐసు బండి హారన్ వినబడితే చాలు, వీధిలోకి పరుగెడుతుంది.

నీ దుర్గ


కృత్తివెన్ను,
27-9-2007.

ప్రియమైన దుర్గకి,

పెట్టె భద్రంగా అందింది. యశస్వినికి చదివి వినిపించు.

అమ్మలూ, నీ పొలం చాలా బాగుందమ్మా. ఎగుడుదిగుడు లేకుండా, మధ్యలో గట్టనేది లేకుండా, అవనిగడ్డ దారిలో నాట్లేసిన చేలు ఉంటాయే, అచ్చం అలా పరిచావు. ఇన్ని ఇటుకలు ఓపిగ్గా ఎలా నొక్కావు తల్లీ? నేను పడుకునేచోట గోడకి ఆనించి పెట్టుకున్నాను. ఈసారి పొలంలో ఒక చిన్న ఇల్లు కూడా కట్టి పంపు.

దుర్గా, పోతురాజు దాన్ని చూసి ఏదో అనబోయాడు. నేను పొలం పొలం అని మురిసిపోతుంటే నా మొహంలోకి చూసి ఊరుకున్నాడు. ఏమిటో మరి.

నాగబాబు


బందరు,
6-10-2007.

నా ప్రియమైన బావకి,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, ఎక్కడైనా కూర్చో.

నీ జవాబు చదివి వినిపిస్తుంటే యశస్విని మొహం చిన్నబోయింది. “నాన్నకి రావడం ఇష్టం లేదామ్మా? అందుకే పొలం అని రాశాడా?” అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాను దానికి, నాన్న అబద్ధం రాయడే అని. చెప్పిన మాట నా చెవిన నాకే పడింది.

బావా, అది పొలం కాదు. ముదురాకుపచ్చ ఇటుకల మధ్య ముదురెరుపు ఇటుకలతో, పలక నిండా, ఒకే ఒక్క అక్షరం పేర్చింది నీ కూతురు. ‘రా’ అని.

పోతురాజుకి కనబడింది. వీధిలో ఎవరికి చూపించినా కనబడేది. నీకు కనబడలేదు.

వెంటనే నీ సంచులన్నీ మళ్ళీ నేలమీద పోశాను. నిద్రమత్తులో ఏరినవాడు అన్నీ కలిపేస్తాడు కదా. నీలంలో పసుపు కలవలేదు, తెలుపులో నీలం కలవలేదు. కలిసినవి ఎరుపూ, పచ్చా, గోధుమరంగూ మాత్రమే. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చిన్నప్పుడు మీ అమ్మ, మా సుబ్బాయమ్మత్త, పచ్చడికి పండుమిరపకాయలు ఏరమంటే నువ్వు పచ్చివి కూడా వేసి వీపు విమానం మోత మోగించుకునేవాడివి. పెళ్ళయిన కొత్తలో చిలకపచ్చ చీర అడిగితే ఇటుకరంగు చీర తెచ్చావు. నా మాట చెవిని పెట్టలేదని వారం రోజులు మూతి ముడుచుకున్నాను. నువ్వేమో ‘అడిగిందేగా తెచ్చాను’ అని బిక్కమొహం వేశావు.

కళ్ళ డాక్టరు గారి దగ్గరకి వెళ్ళాను. చుక్కల బొమ్మల పుస్తకం ఒకటి చూపించారు. ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియకపోవడం పుట్టుకతోనే వస్తుందట, మగవాళ్ళలో కొందరికి ఉంటుందట. పుట్టినప్పటినుంచీ లోకం అలాగే కనబడుతుంది కాబట్టి తేడా ఉందని వాళ్ళకే తెలియదట. నువ్వు వచ్చి ఆ పుస్తకం చూస్తేగానీ ఖాయంగా చెప్పలేనన్నారు. నాకైతే ఆ పుస్తకంతో పనిలేదు.

జబ్బు తగిలిన రొయ్య ఎర్రబడుతుంది. మా కళ్ళకి కనబడే ఆ ఎరుపు నీ కళ్ళకి లేదు. నువ్వు రోజూ ట్రే ఎత్తావు. రోజూ చూశావు. నిజమే చెప్పావు. ఒక్కరమూ నమ్మలేదు. పరాయివాళ్ళు నమ్మకపోతే పోనీ, నేను నమ్మలేదు. నన్ను క్షమించు బావా. ఇంతకంటే పెద్ద మాట నాకు రాదు.

అన్నయ్య దగ్గరకి వెళ్ళి అంతా చెప్పాను. “అయితే ట్రే ఎత్తాడన్నమాట” అన్నాడు. మళ్ళీ తనే, “నీళ్ళ రంగూ రొయ్య రంగూ చూడమని వాణ్ణి గట్టుమీద కూర్చోబెట్టింది నేనే కదే” అన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, చెమటని చెప్పాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

సౌభాగ్యమ్మ గారికి కూడా రాశాను, ఎరుపువి మళ్ళీ పంపుతానని. “అక్కర్లేదమ్మాయ్, ఆ పచ్చవి కిటికీల కింద పట్టీలా సర్దేశాను, బస్సు ముచ్చటగా ఉంది. మీ ఆయన్ని మాత్రం ఇంటికి పిలిపించుకో” అని జవాబిచ్చారు.

ఇక్కడ ఎనిమిది బస్తాలు నీ కోసం చూస్తున్నాయి. సైజులు నువ్వు ఏరు, రంగులు మేం చూసుకుంటాం. నీ వేళ్ళకి సాటివచ్చే వేళ్ళు ఈ బందరులో లేవు.

ఈ ఉత్తరంతో ఇంకో పలక పంపుతున్నాను. యశస్విని ఈసారి అక్షరాన్ని ఒక వరస ఎత్తుగా కట్టింది. కళ్ళు మూసుకో. వేలు పెట్టి చదువు.

నీ దుర్గ


కృత్తివెన్ను,
10-10-2007.

ప్రియమైన దుర్గకి,

చదివాను. కళ్ళు మూసుకుని ఒకసారి, తెరిచి ఇంకోసారి. ఎండ పక్కనుంచి పడితే అక్షరం నీడ కూడా కనబడింది.

నిద్రపోలేదని అందరితో వాదించాను కానీ, ఈ నాలుగు నెలల్లో నాకే అనుమానం వచ్చేసింది. కళ్ళు తెరిచే నిద్రపోయానేమో, నాకేదో అయిందేమో అని భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. నీ ఉత్తరం చదివి, మేత బస్తాల మీద కూర్చుని ఏడ్చాను. క్షమించమని రాయకు. నాకే తెలియనిది నీకెలా తెలుస్తుంది?

జీవానందం గారికి చెప్పేశాను. శనివారం పోతురాజు బండిలో ముందు సీటు ఖాళీయేనట. పోలయ్య బావని చెమట తుడుచుకుని మన ఇంటికి భోజనానికి రమ్మను. చిలకపచ్చ చీర కూడా తెద్దామనుకున్నాను కానీ, మళ్ళీ వారం రోజులు మూతి ముడుస్తావని ఆగాను. ఇద్దరం కలిసి వెళ్ళి కొందాం.

మొదటి పలకని కూడా తెస్తున్నాను. దాన్ని ఎంతసేపు చూసినా నాకింకా పొలమే. అందులో ‘రా’ ఎక్కడుందో యశస్విని నా వేలు పట్టుకుని చూపించాలి.

వస్తున్నాను.

నీ బావ