పత్తిపూల నీళ్లు

కార్తీకమాసం, ఆదివారం రాత్రి

చేసేశాను! ఇన్నాళ్లూ పూలవైద్యం గురించి పుస్తకాల్లో చదవడమే గానీ, ఇవాళ నా చేతులతో మొదటి పూలసారం తయారుచేశాను. అదీ అత్తయ్య నిద్ర కోసం.

పొద్దున్నే మస్తాన్‌బీ అక్క చేనుకి వెళ్లాను. మందు కొట్టకుండా పత్తి వేసేది ఊళ్లో ఆవిడొక్కతే. పుస్తకంలో చెప్పినట్టు పూలను వేళ్లు తగలకుండా ఆకుతో పట్టుకుని తుంచుతుంటే, "నీ మడి మీ అత్తగారిని మించిపోయిందే!" అని నవ్వింది.

ఇంటికొచ్చి, గాజు గిన్నెలో బావినీళ్లు పోసి, లేతపసుపు పూలు పైన పరిచి పెరట్లో పెట్టాను. మూడు గంటలు నీడ పడకుండా ఎండలో ఉంచితే పూల గుణం నీళ్లలోకి దిగుతుందట. వంట మధ్యలో వచ్చి చూస్తే గిన్నె పక్కన పీట వేసుకుని అత్తయ్య! మామయ్య పోయాక గది దాటని మనిషి, కాకుల్ని తోలుతూ కూర్చుంది.

పూలు తీసేసి, ఆ నీళ్లు నిలవ ఉండటానికి సమంగా బ్రాందీ కలపాలి. మాదేమో పూజారిగారి ఇల్లు, పైగా కార్తీకం. సీసా దాచబోతుంటే అత్తయ్య చూసేసింది.

"అదేంటే?"

భయపడుతూనే చెప్పాను.

"దేవుడి గదికి దూరంగా కలుపు. ఒలకబోయకు."

నిజంగా పనిచేస్తుందా? ఏమో. డాక్టరు ఇచ్చిన మాత్రలైతే ఆపను. అసలీ చుక్కలు నోట్లో వేసుకుంటుందో లేదో...

ఇందాక తలుపు తట్టింది.

"గోడ పక్కన నందివర్ధనం విరగబూసింది కదే. రేపు అది చేద్దామా?"