సగం మెరిసిన లారీ

నాన్నకు నమస్కారం.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. లారీ సగం క్షేమం. నువ్వూ అక్కా బావా బాగున్నారని ఉత్తరం చూసి తెలుసుకున్నాను. అక్షరాలు అక్కవే అయినా, కసురు మాత్రం నీదే.

అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం. మెట్లు దిగుతోంది, ఎక్కేటప్పుడు మాత్రం నన్ను తిడుతోంది. లారీని అమ్మెయ్యలేదు. పెయింటరుకీ ఇవ్వలేదు. అడగడానికి వెళ్తే అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ముసలిదానికి పౌడరు రాస్తే పెళ్ళికూతురైపోతుందేంట్రా?" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. ఒళ్ళు మండి, నేనే చేసుకుంటానని చెప్పి వచ్చేశాను.

రంగు సంగతి ఇప్పుడెందుకంటే, గోదాము యార్డులో ఒకటో తారీఖు నుంచి కొత్త రూలు పెట్టారు. రంగు వెలిసిన బండ్లు లోపలికి రాకూడదట. సరుకు లాగేది రంగా, ఇంజనా అని అడిగాను. "నీ తెలివి గేటు బయట పెట్టి రా" అన్నాడు సూపర్‌వైజరు. మనకున్నది ఆ యార్డు పని ఒక్కటే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ రంగు నీకు తెలిసిందే. చెయ్యి ఆనిస్తే సున్నపు గోడలా పొడి అంటుకునేది. ఎవరో చెప్పారని మొదట టూత్‌పేస్టుతో రుద్దాను. అరచేతంత మేర మెరిసేసరికి ట్యూబు అయిపోయింది. పొద్దున్నే అమ్మ పళ్ళు తోముకోవడానికి ఇల్లంతా వెతుక్కుంది. తర్వాత గిన్నెలు తోమే ఇనుప పీచు పట్టాను. అది నా బుద్ధితక్కువ. బానెట్ మీద పిల్లి గీరినట్టు గీతలు పడ్డాయి. పని నేర్చుకున్నది ఆ గీతల దగ్గరే. ముందు సబ్బు నీళ్ళతో రెండుసార్లు కడగాలి. రెండు వేల నంబరు వాటర్ పేపరు, అదే సన్న గరుకు కాగితం, నానబెట్టి, నీళ్ళు పోస్తూ, బరువు వెయ్యకుండా రుద్దాలి. కారే నీళ్ళలో తెలుపు పోయి నీలం దిగగానే ఆపెయ్యాలి. ఇంకాస్త రుద్దితే అడుగు పూత ప్రైమరు పళ్ళికిలిస్తుంది. ఆరాక పాత బనియన్ గుడ్డతో మెరుగు పెట్టే రబ్బింగ్ కాంపౌండు, చివర మైనం. తుప్పు పట్టిన చోట గీకి, మళ్ళీ పట్టకుండా రెడాక్సైడ్ కొట్టి, చిన్న డబ్బా నీలం బ్రష్షుతో అద్దాను. దగ్గరికొస్తే అతుకు తెలుస్తుంది. ఎవడు రమ్మన్నాడు దగ్గరికి?

నాలుగు రోజులకి ముందు భాగం, ఎడమ వైపు అయ్యాయి. తలుపులో నా మొహం కనిపించింది. కోపంగానే ఉంది.

కుడి వైపు కడిగి ఆపేశాను. కాంపౌండు అయిపోయిందని అమ్మకి చెప్పాను. లోపలికెళ్ళే గేటులో కాపలా గది ఎడమ వైపే కదా, చాల్లే అనుకున్నాను. ఒకటో తారీఖున అక్కడి కాపలాదారు "నీలం లారీ, రంగు బాగుంది" అని పుస్తకంలో రాసి పంపించాడు. బయటికొచ్చే గేటులో గది కుడి వైపు. అక్కడ నీతో రోజూ పోట్లాడే మీసాలాయన పుస్తకం చూశాడు, బండి చూశాడు.

"ఇది లోపలికి రాలేదే."

"నంబరు చూడండి."

"నంబరు అదే. బండి అది కాదు. ప్లేటు మార్చేశావా?"

"ఒకసారి అటు వైపు వెళ్ళి చూడండి."

అటు వెళ్ళాడు. ఇటు వచ్చాడు. మళ్ళీ అటు వెళ్ళాడు. "ఓరి నీ దుంపతెగ! సగం గడ్డం గీసుకుని పెళ్ళిచూపులకొచ్చినట్టుంది కదరా!" అని అరిచి సూపర్‌వైజర్ని పిలిచాడు. ఆయన నవ్వలేదు. సోమవారానికి రెండో వైపు కూడా కాకపోతే పని ఇంకొకరికిస్తానన్నాడు. గేటు తీస్తూ మీసాలాయన, "మీ నాన్న ఇలాంటి పని చేసేవాడు కాదురా. కళ్ళు పోయాయటగా, పాపం" అన్నాడు.

అక్కా, ఇక్కడితో చదవడం ఆపు. పెట్టెలో పడేసిన కొత్త కళ్ళద్దాలు తీసి, ఈ కాగితం నాన్న చేతికివ్వు. కనపడదంటాడు. అయినా ఇవ్వు. అక్షరాలు పెద్దవి చెయ్యను.

నాన్నా, కాంపౌండు అయిపోలేదు. సగం డబ్బా అలాగే ఉంది. కుడి వైపు వెనక చక్రం పైన సొట్ట ఉంది కదా, అక్కడ ఆగిపోయాను. కడిగితే మట్టి పోయి, సొట్టలో ఆకుపచ్చ రంగు బయటపడింది. ఆ రంగు స్తంభం ఊరంతటికీ టైర్ల కొట్టు ముందు ఒక్కటే ఉంది. ఆ కొట్టు యజమానితో పోట్లాడాక ఆరేళ్ళుగా నువ్వు బండిని అటు తిప్పలేదు.

నేను తిప్పాను. ఒక మధ్యాహ్నం నువ్వు పడుకున్నప్పుడు తాళం తీసుకుని, పంక్చరు వేయించుకొద్దామని వెళ్ళి, రివర్సులో గుద్దాను. గ్రీజు కలిపిన బురద సొట్టకి పూశాను. మర్నాడు నువ్వు చూసి, "ఎక్కడ తగిలించానో గుర్తే లేదురా" అన్నావు. "కనపడితే కదా గుర్తుండేది" అన్నాను. అద్దాలు మారిస్తే చాలని డాక్టరు అన్నాడు. నువ్వు డాక్టర్ని నమ్మలేదు, నన్ను నమ్మావు. తాళం నా చేతిలో పెట్టి అక్క ఊరికి బస్సెక్కావు.

ఐదేళ్ళు పక్క సీట్లో కూర్చోబెట్టావు. నాకు స్టీరింగు కావాలి. అంతే కారణం. నీ మీద కోపం ఇప్పటికీ ఉంది, అది వేరే సంగతి.

సొట్టలో పుట్టీ పెట్టి రంగు కొట్టేస్తే ఎవరికీ తెలియదు. ఒక పూట పని. కానీ పెట్టలేదు. చుట్టూ మిగతాదంతా శనివారానికి రుద్దేస్తాను. సొట్టని మాత్రం ఆదివారం సాయంత్రం దాకా ఆకుపచ్చగానే ఉంచుతాను. వచ్చి చూసుకో. నువ్వు చూశాకే పుట్టీ పెడతాను. సోమవారం గేటు దాటించేది నువ్వే.

రాలేనని మాత్రం చెప్పకు. ఇక్కడిదాకా నువ్వే చదివావు కదా.

ఇట్లు,
పక్క సీట్లో ఉండే
నీ కొడుకు