కేకు మీద గాజులు

శనివారం, తుడియలూరు

రేపు వదినకు వళైకాప్పు, కడుపుతో ఉన్నవాళ్లకు చేసే గాజుల సీమంతం. ముత్తయిదువలంతా వచ్చి ఆమె చేతులకు గాజులు తొడుగుతారు. నాన్న పోయినప్పటి నుంచీ ఇలాంటి వేడుకల్లో అమ్మ వంటిల్లు దాటి రాదు. సొంత కోడలి వేడుకకూ అంతేనా అని ఈ వారమంతా నాకు ఒకటే దిగులు.

మధ్యాహ్నం రేపటి వేడుక కేకుకు బటర్‌క్రీమ్ పూసి, గట్టిపడటానికి ఫ్రిజ్‌లో పెట్టాను. ఈలోగా ఎర్రటి ఫాండెంట్ చక్కెర ముద్దతో గాజులు చేస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చేతిమురుకులు చుట్టే వేళ్లు కదా, ఆమె చేసిన గాజులే నావాటికన్నా గుండ్రంగా వచ్చాయి.

కేకు తెచ్చి ఆమె ముందుకు జరిపాను. "నువ్వే పెట్టమ్మా."

"వేండా కణ్ణు, నేను పెట్టకూడదు."

"కేకుక్కూడా శాస్త్రమా?"

నవ్వేసింది. క్రీమ్ నలగకుండా, ఎవరి చేతికో తొడుగుతున్నంత మెల్లగా ఒక్కొక్కటే పెట్టింది.

అప్పుడే వదిన వచ్చింది. ఒక గాజు మిగిలి ఉండటం చూసి చెయ్యి చాపింది. "అత్తా, ఇది నాకు వెయ్యండి."

అమ్మ నా వైపు చూసింది. నేను తల వంచుకుని క్రీమ్ గిన్నె గీకుతూ కూర్చున్నాను. చివరికి తొడగబోయింది. మెత్తటి గాజు, వేళ్లు దాటకముందే తెగిపోయింది. అమ్మ ముఖం పాలిపోయింది.

వదిన ఆ ముక్క నోట్లో వేసుకుంది. "తియ్యగా ఉంది అత్తా. రేపు మొదటి గాజు మీరే వెయ్యాల. గట్టిది తెండి."

అమ్మ సరేననలేదు. కానీ వేళ్లకంటిన ఎర్రరంగు ఇంకా కడుక్కోలేదు.