సభలో వంగిన మోకాలు

ఆత్మకూరు,
సోమవారం మధ్యాహ్నం

వెంగయ్యా, నా చిన్ననాటి నేస్తమా,

పోయిన నెల ఉదయగిరి సభలో, వేదిక మీద, నేను మోకరించానా, పడ్డానా? చూసినవాడివి నువ్వు. ముందు వరసలో సుస్మితను పక్కన కూర్చోబెట్టుకుని రెప్ప వేయకుండా చూశావు. జవాబు చెప్పు. చెప్పలేవా? అయితే నేనే చెబుతాను, కాస్త ఆగి చెబుతాను. ముప్పై ఏళ్ళు జనాన్ని గద్దించిన నోరు ఇది. తన తప్పు దగ్గరికి వచ్చేసరికి దీనికి నత్తి వచ్చింది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నా గొంతు నా మాట వినదు. రెండు నిమిషాలకే ప్రసంగం అయిపోతుంది, ఎదుటివాడు ఆమెన్ అనేదాకా ఆగదు. ఆ గొంతే నీ ఇంటికి కీడు చేసింది. అందుకని దాన్ని పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను. దీన్ని నీకు సుస్మితే చదివి వినిపిస్తుందని తెలుసు. తనూ వినాలి. నా గొంతులో కాదు, నీ బిడ్డ గొంతులో విను.

నేను సువార్త పని మీద కొండాపురం వైపు తిరుగుతున్నానని ఉదయగిరిలో అందరూ అనుకుంటున్నారు. నేను ఎక్కడికీ తిరగడం లేదు. ఆత్మకూరులో మా చెల్లెలు వరదమ్మ ఇంట్లో, ముందు గదిలో, చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఎడమ మోకాలి కింద చుట్టిన తువ్వాలు. దాన్ని మోకాలితో నేలకు అదిమి పట్టి పది లెక్కపెట్టాలి, వదలాలి. ఇలా ముప్పై సార్లు. తర్వాత కాలు చాపి జానెడు ఎత్తు లేపి నిలపాలి. ఈ శుక్రవారం నెల్లూరులో నా మోకాలికి ఆపరేషన్. లోపల తెగిన లిగమెంటు బదులు నా తొడ వెనక నుంచే ఒక పోగు తీసి కొత్త తాడుగా వేస్తారట. దానికి ముందు తొడకు బలం రావాలని ఈ తంటా అంతా.

ఈ వ్యాయామాలు నేర్పేది ప్రసన్నకుమారి అనే ఫిజియో అమ్మాయి. మొదటి రోజు టేపు తెచ్చి రెండు తొడలూ కొలిచింది. ఎడమది రెండు సెంటీమీటర్లు తక్కువ ఉంది. "నిద్రపోయింది బ్రదర్ గారూ, లేపాల," అంది. నిద్రపోతున్న లోకాన్ని లేపుతానని మైకు పట్టుకుని ఊళ్ళు తిరిగినవాడిని. నా తొడ నిద్రపోయిన సంగతి ఒక పాతికేళ్ళ పిల్ల టేపు పెట్టి చూపించాల్సి వచ్చింది.

ఫ్యాను కింద లెక్కపెడుతూ ఉంటే ఆరు, ఏడు దగ్గర నా కళ్ళు మూతపడతాయి. అప్పుడు ఉదయగిరి దుర్గం కొండ కనిపిస్తుంది. చిన్నప్పుడు మనిద్దరం మీ నాయన గొర్రెలు తోలుకుని ఎక్కిన కొండే. కానీ కలలో అది మోకాలు ముడుచుకుని పడుకున్న మనిషిలా ఉంటుంది. మెల్లగా కాలు చాపుతుంది. కోట గోడల్లో ఒక్క రాయీ జారదు. ఇంతలో నీ మంద ఈ గదిలోకి వస్తుంది. మంచం పక్క నుంచి, బీరువా ముందు నుంచి, ఒకదాని వెనక ఒకటి తల వంచుకుని పోతుంటాయి. వాటి ఊపిరి వెచ్చగా నా పాదాలకు తగులుతుంది. ప్రతి గొర్రెకూ వెనక కాలికి తెల్లగుడ్డ కట్టి ఉంటుంది. నేను లెక్కపెడుతూనే ఉంటాను. పది దగ్గర బయట నెల్లూరు బస్సు హారన్ మోగుతుంది. గది ఖాళీ. తువ్వాలు, నేను.

ఇక విను. మర్రిపాడు రోడ్డులో బండి జారి, పాదం కంకరలో నిలిచిపోయి, ఒళ్ళు మాత్రం తిరిగినప్పుడు లోపల టక్కుమంది. మోకాలు బంతిలా వాచింది. స్కాన్ తీసి లిగమెంటు పూర్తిగా తెగిందన్నారు. నేను వినలేదు. ఉపవాసం ఉండి, ప్రార్థించిన నూనె రాసుకుని, ఇరవై ఒక్క రోజులు ఇల్లు కదలలేదు. ఇరవై రెండో రోజుకు వాపు లేదు, నొప్పి లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాను. ప్రభువు ముట్టాడన్నాను. మోసం చేద్దామని కాదు, నమ్మే చెప్పాను. మా వాళ్ళలో మేలు పొందినవాడు నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి, దాచుకోకూడదు. నా మోకాలు బాగయింది, బిడ్డను తీసుకుని రమ్మని నీకు కబురు పెట్టిందీ నేనే. మైకు పట్టుకుని వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూపించాను.

నేరుగా నడిచాను. అక్కడే ఉంది సంగతి. వాపు తగ్గాక ఇలాంటి మోకాలు నేరుగా నడిస్తే నోరెత్తదు, పక్కకు తిరిగినప్పుడే బయటపెడుతుందని ప్రసన్నకుమారి చెప్పేదాకా నాకు తెలియదు. కొసకు వెళ్ళి జనం వైపు తిరిగాను. మోకాలు జారింది. పడ్డాను వెంగయ్యా. పడుతూ పడుతూ రెండో మోకాలు కూడా వంచి చేతులు పైకెత్తాను. జనం నేను మోకరించాననుకున్నారు. నాలుగు వందల మంది కుర్చీలు వెనక్కి జరుపుకుని నాతో పాటు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ కుర్చీల శబ్దం ఇంకా నా చెవుల్లో ఉంది. పైకి స్తోత్రం చెప్పాను, లోపల నొప్పికి పళ్ళు బిగపట్టాను. ఆ క్షణం నాకు తెలుసు. తెలిసి కూడా మైకులో పడ్డానని చెప్పలేదు.

ముప్పై ఏళ్ళుగా నిన్ను సభకు రమ్మని పిలిచాను. నువ్వు వచ్చిన ఆ ఒక్క రోజే నీకు అబద్ధం చూపించాను.

మర్నాడే నువ్వు సుస్మిత ఆపరేషన్ తేదీ వద్దని చెప్పించావట. కబడ్డీలో తెగిన ఆ కుడి మోకాలితోనే బిడ్డ వచ్చే ఆదివారం సెలక్షన్స్‌లో ఆడబోతోందట. తను ఇంతకు ముందు ప్రసన్నకుమారి దగ్గరికే వచ్చేది కదా, ఆ అమ్మాయే చెప్పింది. "ఇంకొక్క తూరి మెలిపడితే లోపల ఎముకల నడిమి మెత్త కూడా చినిగిపోతాది. అప్పుడు ఆట సంగతి కాదు, మెట్లెక్కేదే కష్టం," అంది. ఆ మాట చెబుతూ నా మొహంలోకి చూడలేదు, టేపు చుట్టుకుంటూ కూర్చుంది. అంతకంటే పెద్ద గద్దింపు నేను ఏ వేదిక మీదా వినలేదు.

నేను పడ్డాను. బిడ్డను ఆడనివ్వకు.

నీ తప్పిపోయిన నేస్తం,
ప్రేమానందం


అనంతసాగరం,
బుధవారం పొద్దున

ఒరే ప్రేమానందం,

నేను చెప్తా ఉండాను, సుస్మిత రాస్తా ఉండాది. నువ్వు పడినావని నాకు ఆ పొద్దే తెలుసు. నలభై ఏండ్లు గొర్రెల ఎనక నడిచినోణ్ణి. మందలో ఏది కాలు ఎత్తి పెడతాదో దూరం నించి చూసి చెప్తాను. నువ్వు తిరిగినావు, ఎడం మోకాలు లోపలికి పోయింది, మొహంలో నెత్తురు లేదు. ఇదేందిరా, వీడు స్తోత్రమంటా ఉండాడే అనుకున్నాను. కొంచెం నవ్వు కూడా వచ్చింది, కోపం చేసుకోవాకు.

మరి తెలిసీ బిడ్డ తేదీ ఎందుకు తీయించినావంటావు. మాయమ్మ పోలేరమ్మ సంగతి నీకు తెలుసు. కడుపులో గడ్డ తీస్తామని బల్ల ఎక్కించినారు, మళ్ళా దిగలా. లోపలికి పోయేముందు నా చెయ్యి పట్టుకోని, పొద్దు గూకే లోపల వస్తాలేరా అనింది. అప్పటి నించి ఆస్పత్రి వాసన తగిలితే నాకు కాళ్ళు ఆడవు. తండ్రిని, బిడ్డకి భయమని ఎట్ట చెప్పేది? నీ సాక్ష్యం దొరికింది. చిన్నాయనకి తగ్గింది, నీకూ తగ్గుతాదిలే అన్నాను. నీ అబద్ధం నాకు పనికొచ్చింది. అందుకని నిన్నొక్కణ్ణే తిట్టలేను.

ఇప్పుడేం చేసేదో తెలీదు. మందని మర్రిపాడు మీదికి తోలుకోని పోవాల. వచ్చినాక చూస్తాం. నీ ఆపరేషన్ కానీ ముందు.

వెంగయ్య

చిన్నాయనా, నేను సుస్మితను. నాయన చెప్పినదంతా నేనూ ఇప్పుడే మొదటిసారి విన్నాను. నాదీ ఒక మాట ఉంది. నాకు తగ్గలేదు. సభ నుంచి వచ్చే దారిలో నాయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ నవ్వు పోకూడదని తగ్గిందన్నాను. ఆయన చూడనప్పుడు గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నాను. గొర్రెల కాళ్ళన్నీ తెలుసంటాడు, నా కాలు మాత్రం ఆయనకు కనపడలేదు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించలేదు.

మీ సుస్మిత


ఆత్మకూరు,
గురువారం, ఉదయం ఏడు గంటలు

వెంగయ్యా,

సుస్మితా, దీన్ని గట్టిగా చదువు తల్లీ. ముందు నీ ఉత్తరం చివర నువ్వు దాచిన ముక్కను, ఇదిగో దీనితో తిప్పి పంపాను, నాయనకు చదివి వినిపించు. వినిపించాకే కిందికి రా. మన ముగ్గురిలో దాచుకున్నవాళ్ళు ఇంకెవరూ మిగలకూడదు.

విన్నావా వెంగయ్యా? నేను జనం కోసం నటించాను. నువ్వు బిడ్డ కోసం నటించావు. బిడ్డ నీ కోసం నటించింది. మధ్యలో ఆ పిల్ల మోకాలు రోజుకింత అరిగిపోతోంది.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం ఆటో కోటేశ్వర్ తెచ్చి ఇచ్చాడు. దాన్ని జేబులో పెట్టుకుని సాయంత్రం ఉదయగిరి ప్రార్థన కూటానికి వెళ్ళాను. మైకు తీసుకోలేదు. ఆ రోజు పడ్డానని, శుక్రవారం ఆపరేషన్ చేయించుకుంటున్నానని చెప్పాను. కొందరు తల దించుకున్నారు, ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. నా కాలు వణుకుతోంది. అప్పుడు ఎనభై ఏళ్ళ ఓబులమ్మవ్వ తన కుర్చీ ఈడ్చుకుంటూ నా దగ్గరికి తెచ్చింది. "కూచ్చోని చెప్పు నాయనా. నిజానికి నిలబడే పనేముండాది," అంది. కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో కూర్చుని వాక్యం చెప్పింది నిన్ననే.

ఏం వాక్యం చెప్పానో విను. లేఖనాల మొదటి పుటల్లోనే ఉంది. దేవుడు మొదటి మనిషిని గాఢనిద్రలో ముంచి, పక్కటెముక ఒకటి తీసి, ఆ చోటును మాంసంతో పూడ్చాడు. మత్తు ఇచ్చి, కోసి, తీసి, కుట్టడం! ఎన్ని వందల సార్లు చదివాను ఆ మాట? ఎన్నడైనా అది ఆపరేషన్ బల్ల అని తోచిందా? మందలించాల్సింది డాక్టర్లను కాదు, గుడ్డిగా చదివిన నన్ను.

తిరుగు బస్సులో కునుకు పట్టింది. సోమశిల డ్యాం నీళ్ళు రోడ్డుదాకా వచ్చి బస్సు మెట్టు తడుపుతున్నాయి. మీయమ్మ పోలేరమ్మ నా పక్క సీటులో కూర్చుని తువ్వాలు చుడుతోంది. నా మోకాలి కింద పెట్టింది. తడి చేత్తో ఒకసారి నిమిరింది. "నేను బల్ల దిగలేదని, బిడ్డని ఎక్కించొద్దని వాడికి చెప్పినానా?" అంది. నేను పది లెక్కపెట్టేలోపు నీళ్ళు వెనక్కి పోయాయి. పాత ప్రేమానందమైతే దీన్ని దర్శనమని నీ దగ్గర ఉరిమేవాడు. దర్శనం కాదు, కునుకే. కానీ ఆ తడి చెయ్యి నా మోకాలి మీద ఇంకా ఉన్నట్టే ఉంది. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

భయం లేకుండా రమ్మని నిన్ను అనను. నాకూ ఉంది. భయపడుతూనే రా. నీ కాళ్ళు ఆడకపోతే నన్ను పట్టుకో, నా కాలు ఆడకపోతే నేను నిన్ను పట్టుకుంటాను. ఇద్దరం కుంటుకుంటూ ఆ పిల్లను లోపలికి తీసుకుపోదాం. ప్రసన్నకుమారి డాక్టరుతో మాట్లాడింది. పాత స్కాన్ తెస్తే ఈరోజే చూసి కొత్త తేదీ ఇస్తాడట, ఒంటిగంట దాకా ఉంటాడు. మర్రిపాడు గడ్డి రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. ఆదివారం ఆటలో కాలు మెలిపడితే ఆ మోకాలు మళ్ళీ రాదు.

ఈ ఉత్తరం తెచ్చిన కోటేశ్వర్ మీ గుమ్మం ముందే ఉన్నాడు. ఇంజను ఆపొద్దని చెప్పి పంపాను, ఆ చప్పుడు నీకు వినపడుతూనే ఉంటుంది. పది గంటల నెల్లూరు బస్సులో మూడు సీట్ల మీద మూడు తువ్వాళ్ళు వేసి కూర్చుంటాను. సుస్మితా, చదివింది చాలు, బీరువాలో నుంచి స్కాన్ కవరు తియ్యి. వెంగయ్యా, కర్ర గోడకు ఆనించు, చొక్కా వేసుకో. ఈరోజే, ఈ ఆటోలోనే, ఎక్కండి.

బస్టాండులో మీ దారి చూస్తూ,
ప్రేమానందం