వెనక ‘య’ గీసిన బిళ్ల

2021 ఏప్రిల్ 5
కరోనాతో బడి మళ్లీ మూత. పాఠాలు ఫోన్లోనే, సగం మంది పిల్లలకు ఫోనే లేదు. సూరత్ లింబాయత్‌లో మా గల్లీ మొదట్లో ఎవరూ రాకుండా మళ్లీ వెదురు కర్రలు కట్టారు.
తుక్కు కొనే ఇక్బాల్ భాయ్ గేటు దగ్గర సంచీ పెట్టి దూరంగా నిలబడ్డాడు. “టీచర్‌జీ, ఆప్‌కే ఫౌజీ బిల్లే.” మాజీ సైనికుల సమ్మేళనాల బ్యాడ్జీలు నేను పోగుచేస్తానని అతనికి తెలుసు.
మా ఆయన రవి మగ్గాల పని నుంచి వచ్చి చూశాడు. “గిసొంటి టైముల గా తుప్పు ఇంట్లకెందుకే?”
సబ్బు నీళ్లలో వేశాను.

ఏప్రిల్ 6
ఎండబెట్టి చూశాను. ఒకటి కిరీటం ఉన్నది. అంటే తెల్లవాళ్ల కాలం నాటిది. పిన్ను విరిగింది, అయినా ఎంత అందం! రెండు ఏవో క్లబ్బులవి.
ఇంకొకటి... కిరీటం బదులు సింహాలు, ఎర్ర రంగు మీనా పూత, ‘పూర్వ సైనిక్ సమ్మేళన్’ అని హిందీలో. ఏ దళమో తెలియదు, అంచు అరిగిపోయింది. వెనక మేకుతో గీసిన అక్షరం.
‘య’. తెలుగు య!

ఏప్రిల్ 8
ఉధ్నా వెళ్లాను, సాయన్న కాక దగ్గరికి. నాకు గుర్తుపట్టరాని మిలిటరీ బిళ్ల ఏది దొరికినా ఆయనకే చూపిస్తాను. ఆయన చేసొచ్చిన ఉద్యోగం కదా.
మాస్కు కిందికి లాగి, బిళ్ల మీద “హా” అని ఆవిరి ఊది, బనియనుతో తుడిచాడు. నేను వద్దనేలోపే.
“మాదే బిడ్డా! మా పల్టన్‌దే!”
వెనక్కి తిప్పాడు. మంచం మీద కూలబడ్డాడు.
“యాదిగాడు... మా కంపెనీల తెలుగోళ్లం ఇద్దరమే, నేను, యాదగిరి. సామాను కలిసిపోతదని అన్నిటి మీద గీ అచ్చరం గీకేటోడు.” బొటనవేలితో ఆ అక్షరం తడుముతూ — “మాట మాట అనుకున్నం. గీ మీటింగుకు రమ్మని మనిషిని పంపిండు. నేను పోలే.”
తర్వాత ఒకరి జాడ ఒకరికి తెలియదు. “సూరత్‌ల దొరికిందంటే గాడు ఈడనే ఉన్నట్టా? జర కనుక్కో బిడ్డా.”
బిళ్ల నా చేతిలో పెట్టి పిడికిలి మూశాడు. ఆయన చెయ్యి కాలుతోంది. ఎండ అనుకున్నాను.

ఏప్రిల్ 10
కాక కూతురు లావణ్య ఫోన్. “నాయినకు పాజిటివ్ వచ్చిందక్కా. దవాఖానల ఏసినం. మీరు పైలం.”
ఆ ఆవిరి. తెచ్చాక బిళ్లను కడిగానా? కడగలేదనుకుంటా. నిన్న రవి దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు... ముక్కు తగిలేంత దగ్గరగా.

ఏప్రిల్ 11
రవి దగ్గాడు. ఒక్కసారే. “నూలు దుమ్ము” అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి వింటున్న దగ్గే. ఇవాళ లేచి వెళ్లి కిటికీలన్నీ తెరిచాను.

ఏప్రిల్ 13
రవికి జ్వరం. టెస్టుకు క్యూ రోడ్డు దాకా. రవి నిలబడలేక వెనక్కి వచ్చేశాం. అతను గదిలో, నేను వంటింట్లో.
తలుపు అవతల నుంచి, “జర చాయ్ పెడ్తవా?” గొంతు బాగానే ఉంది. ఇంకెంతసేపు బాగుంటుంది?
నాకేమీ లేదు. అది ఇంకా భయంగా ఉంది.

ఏప్రిల్ 15
కాక ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. మాటకూ మాటకూ మధ్య గాలి చప్పుడు. “దొరికిండా... యాదిగాడు?”
“వెతుకుతున్నా కాకా.” అబద్ధం. రవి తప్ప నాకు ఇంకో ధ్యాస లేదు.
సిగ్గేసి ఇక్బాల్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఆ సంచీ పిండిమిల్లు వెనక ఒక గదిలోదట. ముసలాయన, ఒక్కడే ఉండేవాడట. అంబులెన్స్ తీసుకుపోయాక, ఇక తిరిగి రాడని ఇంటి ఓనరు గది ఖాళీ చేయించాడట.
తిరిగి రాడని.
కాకకు ఇది ఎలా చెప్పను?

ఏప్రిల్ 16
కాక ఫోన్ మోగింది. చూస్తూ కూర్చున్నాను. ఎత్తలేదు.

ఏప్రిల్ 18
రవికి జ్వరం దిగింది. పచ్చడి అన్నం పెట్టమన్నాడు. గడప దగ్గర పెట్టి, రుచి తెలుస్తోందా అని అడిగాను. “కారం కొడ్తుంది” అన్నాడు. తలుపుకు ఆనుకుని ఏడ్చాను.
ఆ ధైర్యంతోనే ఓనరు నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఆ ముసలాయన గురించి అడిగాను. “వో బచ్ గయే, బెహన్.” బతికాడు! నిన్న వచ్చి తాళం ముందు నిలబడ్డాడట. ఇప్పుడు ఎవరో తోటి కార్మికుల ఇంట్లో ఉన్నాడట. నా నంబరు ఇవ్వమన్నాను.

ఏప్రిల్ 19
కొత్త నంబరు. “టీచరమ్మనా? నా బిళ్ల మీ తాన ఉన్నదంట.”
యాదగిరే. కాక సంగతి చెప్పాను — ఉధ్నాలో ఉంటాడని, మిమ్మల్నే అడుగుతున్నాడని, ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడని. దగ్గుతూనే అన్నాడు.
“సాయిగాడు ఉధ్నాల ఉన్నడా... గా మీటింగుల నా పక్క కుర్చీ గాని కోసమే పట్టి ఉంచిన. ఎవ్వలను కూసోనియ్యలే. ఫోన్ కలుపమ్మా.”
ఆయన్ని లైన్లో ఉంచి, రవి ఫోన్ నుంచి చేశాను. కాక ఎత్తలేదు. లావణ్య ఎత్తింది. “పొద్దుగాల గొంతుల గొట్టమేసిండ్రక్కా. మాట్లాడలేడు.”
“ఏమన్నడమ్మా?” యాదగిరి.
“పడుకున్నాడట” అన్నాను.
“పండనియ్యి. నేనే పోత. ఏ దవాఖానో చెప్పు.”
చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందా?

ఏప్రిల్ 20
యాదగిరి ఆసుపత్రి గేటు దగ్గర నుంచి ఫోన్ చేస్తున్నాడు. లోపలికి పోనివ్వడం లేదట. ఇంకా కోలుకోని మనిషి, ఎండలో నిలబడ్డాడు.
“బయటికెల్లి గట్టిగ పిలుస్తే గానికి ఇనబడ్తదా అమ్మా? ఏ కిటికీ?”
కిటికీ ఏదో అడగడానికి లావణ్యకు చేస్తున్నాను. మోగుతోంది. ఎత్తడం లేదు.