ఏడో స్లైడు కింద పేరు

ఏమండీ, కాఫీ ఫ్లాస్కులో ఉంది. లేవగానే ల్యాప్‌టాప్‌లో, నెట్‌లో పెట్టిన నా కాపీరైట్ పాఠం స్లైడ్లు తెరిచి ఏడోది తీసెయ్యండి. నాకు చేతులు రాలేదు. అందులోని ఫోటోని నెట్‌లో మీ ఫోటోల పేజీలోంచి కూడా తీసెయ్యండి. మిల్లు తగలబడిన రోజు మీరు తీసిందే. గోడ వారన ప్రాణం పోయి పడి ఉన్న ఆవిడ, ఒక కాలికే చెప్పు ఉంటుంది చూడండి, అదే.

ఎవరైనా వాడుకోవచ్చని మీరే రాసిపెట్టారు కదా. తీసినవాళ్ళ పేరు వేస్తే ఏ తప్పూ ఉండదని నిన్న క్లాసులో పిల్లలకి దాంతోనే చూపించాను. మావారని గొప్పకి పోయి మీ పేరు పెద్దక్షరాల్లో వేశాను. ఫోటోలో ఉన్నావిడ మూడో బెంచీ పిల్లకి అమ్మట. ఆ పిల్ల మా బడిలో చేరి వారమే అయింది.

ముప్పైరెండు మంది పిల్లలూ ఆ స్లైడ్లని తలా ఒక కాపీ చేసుకున్నారు. ఎలా చేసుకోవాలో నేర్పింది నేనే. మనది తీసేసినంత మాత్రాన వాళ్ళవి పోవు. అందుకే ఇంటింటికీ తిరిగి తీయించడానికి వెళ్తున్నాను. ముందు ఆ పిల్ల ఇంటికే.

ఆ రోజు మీరు ఇంటికొస్తూనే "మంచి ఫోటో పడింది" అన్నారు. నేనూ చూసి బాగుందన్నాను. ఆవిడెవరని మీరు కనుక్కోలేదు, నేనూ అడగలేదు.

అన్నట్టు, ఆ పిల్ల ఏడవలేదు. పాఠం శ్రద్ధగా విన్నట్టుంది. లేచి నిలబడి, "టీచర్, ఫోటో తీసినాయన పేరు కింద వేశారు కదా, మా అమ్మ పేరెక్కడ వెయ్యాలి?" అని అడిగింది. మీకు తెలిస్తే ఈ చీటీ వెనకాల రాసిపెట్టండి.